మాణిక్యం పిట్ట, మధ్యాహ్నపు వంతు

అనగనగా ఒక అడవిలో, ఏ జంతువుకీ ఒళ్ళు గోక్కోవడానికి కూడా తీరిక లేని రోజుల్లో, మాణిక్యం అనే తీతువు పిట్ట ఉండేది.

పసుపు పచ్చని పొడుగు కాళ్ళు, నల్లటి మెడ, కళ్ళ ముందు ఎర్రటి తోలు. దూరం నుంచి చూస్తే ఎర్ర కళ్ళజోడు పెట్టుకుని హాజరు పట్టీ వెతుక్కుంటున్న పంతులమ్మలా ఉండేది. పిట్ట చిన్నదే. గొంతు మాత్రం చిన్నది కాదు. మాణిక్యం ఒక్క కేక వేసిందంటే వాగుకి ఈ ఒడ్డున పడుకున్న కుందేలు ఆ ఒడ్డున నిద్ర లేచేది.

ఆ గొంతే కొంప ముంచింది.

రెండు వేసవుల కిందట ఒక చిరుతపులి దుప్పి పిల్ల మీదికి పాకుతుంటే మాణిక్యం చూసింది. అరిచింది. పిల్ల బతికింది. అడవి అడవంతా వచ్చి, "మాణిక్యం లేకపోతే మన గతేం కాను!" అంది. ఆ మాట చెవిలో పడిన దగ్గర్నుంచీ మొదలైంది జబ్బు. మెచ్చుకోలు ఇప్పపువ్వు లాంటిది పిల్లలూ. మొదటి పువ్వు తియ్యగా ఉంటుంది. బుట్టెడు తిన్నాక ఎలుగుబంటి చెట్టుని పట్టుకుని "నువ్వే నా తమ్ముడివి" అంటుంది.

కొండముచ్చుల పెద్ద దండపాణి ఈ సంగతి కనిపెట్టాడు. దండపాణికి పొడుగు తోక, నల్ల మొహం, అందరి పనుల మీదా అభిప్రాయాలు ఉండేవి. "హెచ్చరికల సంఘం" అని ఒకటి పెట్టాడు. అధ్యక్షుడు తనే. ఎవరికి ఏ భయం వేసినా ముందు దండపాణికి చెప్పాలి. దండపాణి కొమ్మలు దూకుతూ వచ్చి మాణిక్యానికి చెప్తాడు. మాణిక్యం అడవంతా తిరిగి అరుస్తుంది. ఇదీ పద్ధతి. చూసిందెవరో, చూశారో లేదో, అరిచేవాళ్ళకి అక్కర్లేదు.

మొదట్లో పులులూ కొండచిలువలే. అవి రోజూ రావు కదా. సంఘం మాత్రం రోజూ ఉంటుంది. అందుకని ఉడత తోకలో మూడు వెంట్రుకలు రాలాయని ఒక అరుపు. పక్క అడవి కుందేళ్ళు మన కుందేళ్ళ కంటే వేగంగా పరిగెడుతున్నాయట అని ఒక అరుపు. పులిగారికి ఇవాళ మనసు బాగాలేదట, అందరూ అర్థం చేసుకుని దొరకాలి అని ఒక అరుపు. అడవిలో సగం మందికి గుండె దడ పట్టుకుంది. మిగతా సగానికి ఆ దడ లేకపోతే తోచేది కాదు.

ఆ వేసవిలో మాణిక్యం నాలుగు గుడ్లు పెట్టింది.

తీతువులు గూడు కట్టవు. ఎండిన వాగులో, గులకరాళ్ళ మధ్య చిన్న గుంట చేసి అందులో గుడ్లు పెట్టేస్తాయి. మచ్చల గుడ్లు. అచ్చం రాళ్ళలాగే ఉంటాయి. శత్రువుకి అంత తేలిగ్గా కనపడవు. ఎండకి మాత్రం బాగా కనపడతాయి. నడివేసవిలో ఆ వాగు రాళ్ళ మీద అట్లు పోసుకోవచ్చు. అందుకని తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటారు. మడుగుకి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లని చల్లబరుస్తారు. మిగతా పిట్టలు గుడ్లు చల్లారిపోకుండా చూసుకుంటాయి. వీళ్ళు ఉడికిపోకుండా చూసుకుంటారు.

మాణిక్యం మొగుడు బసవయ్య తక్కువ మాటల పిట్ట. పొద్దుటి వంతు అతనిది. ఎండ నడినెత్తికి ఎక్కిన దగ్గర్నుంచి నీడలు సాగేదాకా మాణిక్యానిది. అదే గట్టి వంతు. "కష్టమైంది నేను చేస్తాలే," అని మాణిక్యమే అడిగి తీసుకుంది. అలా అనడం కూడా తనకి ఇష్టం.

ఇరవయ్యో రోజున గోరువంక వనజాక్షి వచ్చి పక్క రాయి మీద వాలింది. పక్కింటి కబురు తెలియకపోతే వనజాక్షికి తిన్న గింజ అరగదు.

"ఏం వదినా, ఇంకా పగల్లేదా?"

"ఇంకా పది రోజులుంది వనజా."

"అయ్యో! మా పిన్ని కూతురి గుడ్లు పద్నాలుగో రోజుకే పగిలాయి."

"ఆవిడ గోరువంక. నేను తీతువుని."

"జాతిదేముంది వదినా, పెంపకంలో ఉంటుంది అంతా. అయినా ఈ రోజుల్లో అందరూ గుడ్లని లకుముకి పిట్ట దగ్గరికి చదువుకి పంపుతున్నారు. పెంకులో ఉండగానే చేపలు పట్టడం చెప్తాడట. పునాది గట్టిపడుతుందట."

"మేం చేపలు తినం కదే."

"తినకపోతే మానెయ్యండి. పోటీ పడొద్దా?"

మాణిక్యం నవ్వేసింది. వనజాక్షి వెళ్ళాక మాత్రం నాలుగు గుడ్లనీ ఎగాదిగా చూసింది. నాలుగూ వెనకబడిపోయిన మొహాలతో కనిపించాయి.

మర్నాడు మధ్యాహ్నం రాళ్ళు సెగలు కక్కుతున్నాయి. మాణిక్యం తడి పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చుంది. బసవయ్య మడుగుకి వెళ్ళాడు. ఇంతలో దండపాణి రొప్పుతూ వచ్చాడు.

"అమ్మాయ్ మాణిక్యం! లే, లే! నెమలికి ఈక ఊడింది!"

"ఒక్క ఈకేగా బాబాయ్."

"ఇవాళ ఒకటి. రేపు? తోక లేని నెమలిని పెట్టుకుని పక్క అడవికి మొహం ఎలా చూపిస్తాం? అందరూ నీ కేక కోసం కాచుక్కూర్చున్నారు."

"ఇది నా వంతు బాబాయ్. ఆయన రాగానే వస్తా."

"సరేలేమ్మా. సంసారం పెరిగింది, నీకూ తీరదు. మన మాణిక్యం మునుపటిలా లేదు అనుకుంటారు, అంతేగా? అననీ. నేను సర్దిచెప్తాలే."

ఆ "సర్దిచెప్తాలే" అన్న మాట ముల్లులా దిగింది. తన గురించి ఎవరో ఎవరికో సర్దిచెప్పాల్సిన గతి పట్టిందా! "ఒక్క చుట్టు," అనుకుంది మాణిక్యం. ఎగిరింది.

ఒక చుట్టు తిరిగి అరిచింది. "ఏం గొంతు, ఏం గొంతు!" అన్నాయి దుప్పులు. ఇంకో చుట్టు తిరిగింది. "నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు," అన్నాయి కుందేళ్ళు. తెలిసి ఏం చెయ్యాలో మాత్రం వాటికి తెలియలేదు. మూడో చుట్టు ఎవరూ అడగలేదు. అయినా తిరిగింది.

వచ్చేసరికి బసవయ్య గుడ్ల మీద రెక్కలు గొడుగులా పట్టి నిలబడి ఉన్నాడు.

"నీ వంతు కదే," అన్నాడు.

"ఒక్క చుట్టే అనుకుని…"

"నీ అరుపు మడుగు దాకా వినపడింది. గుడ్ల మీద కూర్చునే అరుస్తున్నావనుకున్నా."

మాణిక్యం ఒక్కో గుడ్డుకీ ముక్కు ఆనించి చూసింది. మూడింట్లో ఏదో సన్నగా కదిలింది. నాలుగోది కదల్లేదు. మళ్ళీ ఆనించింది. కదల్లేదు. ముక్కు చురుక్కుమంది.

బసవయ్య ఆ గుడ్డుని కాలితో దొర్లించి రాళ్ళలోకి తోశాడు. రాళ్ళలో అది రాయిలాగే ఉంది. కాసేపటికి అదేదో మాణిక్యానికే తెలియకుండా పోయింది.

ఆ గుడ్డు గురించి అడవిలో ఎవరూ అరవలేదు. నెమలి ఈక గురించి రెండు రోజులు మాట్లాడుకున్నారు.

మాణిక్యం ఏడ్చింది. ఏడ్చాక, దెబ్బ తిన్నవాళ్ళు చాలామంది చేసే పనే చేసింది. ఒక స్వామిని వెతుక్కుంటూ వెళ్ళింది.

మడుగులో ఏకపాద స్వామి అని ఒక కొంగ ఉండేవాడు. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు సగం మూసి, లోకాన్ని జయించినట్టు ఉండేవాడు. ఎదురుగా నాలుగు కప్పలు చేతులు జోడించి కూర్చునేవి. రేపు వచ్చి చూస్తే అక్కడ వేరే నాలుగు కప్పలు ఉండేవి. నిన్నటివి ఏమయ్యాయని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

"స్వామీ, ప్రతిదానికీ అరిచీ అరిచీ నా గుడ్డు పోగొట్టుకున్నాను," అంది మాణిక్యం.

"లోకాన్ని పట్టించుకున్నావు తల్లీ. అదే నీ రోగం," అన్నాడు స్వామి. "ఏదీ పట్టించుకోకు. వచ్చేది వస్తుంది, పోయేది పో…" టపుక్కున ముక్కు నీళ్ళలో ముంచాడు. ఒక చేప తోక ముక్కు చివర క్షణం సేపు ఆడి మాయమైంది. "…తుంది. కళ్ళు మూసుకో. ఎవరేమన్నా 'శాంతి' అనుకో. అడ్డం పడకు. పక్కకి తప్పుకో."

మాణిక్యానికి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికా! ఇన్నాళ్ళూ తెలియక చచ్చానే అనుకుంది.

మర్నాడు తన వంతు రాగానే గుడ్ల పక్కన ఒంటికాలి మీద నిలబడి, వాటి మీద నీడ పడేలా రెక్కలు చాచి, కళ్ళు మూసుకుంది.

దండపాణి వచ్చాడు. "అమ్మాయ్! ముంగిస వరసగా రెండుసార్లు తుమ్మింది!"

"శాంతి," అంది మాణిక్యం.

దండపాణి తెరిచిన నోరు మూయకుండానే వెళ్ళిపోయాడు. భలే హాయిగా అనిపించింది.

వనజాక్షి వచ్చింది. "వదినా, మా పిన్ని కూతురి పిల్లలు అప్పుడే ఎగిరేస్తున్నాయి తెలుసా?"

"శాంతి."

ఇది ఇంకా హాయిగా ఉంది.

బసవయ్య వచ్చాడు. "ఏమే, ఎండ ముదురుతోంది. నువ్వు వెళ్ళి పొట్ట తడుపుకొస్తావా, నన్ను వెళ్ళమంటావా?"

"శాంతి."

బసవయ్య కాసేపు చూశాడు. "సరే, నేనే వెళ్తా," అని మడుగుకి ఎగిరాడు.

ఆ తర్వాత వచ్చినవాడు ఉడుము.

ఉడుము మర్యాదస్థుడు. బండరాళ్ళ వెనక నుంచి ఈ తంతు అంతా మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాడు. మెల్లగా పాక్కుంటూ వచ్చాడు. నాలుక రెండుసార్లు ఆడించాడు. "అమ్మా, తమరికి ఇబ్బంది లేకపోతే కొంచెం పక్కకి జరుగుతారా?" అన్నాడు.

"శాంతి," అంది మాణిక్యం. జరిగింది.

అవును, జరిగింది. నవ్వితే నవ్వండి పిల్లలూ. కళ్ళు మూసుకున్నవాళ్ళని అడిగి చూడండి, వాళ్ళూ ఇలాగే జరుగుతారు.

కరకర చప్పుడుకి కళ్ళు తెరిచింది. ఉడుము మూతికి పెంకు ముక్క అంటుకుని ఉంది.

"సాధన బాగా కుదిరిందమ్మా," అన్నాడు ఉడుము. "రేపు కూడా ఇదే వేళకి ఉంటారా?"

అప్పుడు చూడాలి మాణిక్యాన్ని! శాంతీ గీంతీ అన్నీ వాగులో కలిశాయి. ఎగిరి వాడి నెత్తి మీద పొడిచింది. కన్ను పక్కన పొడిచింది. అరుపు విని బసవయ్య వచ్చి తోకవైపు నుంచి అందుకున్నాడు. ఇద్దరూ కలిసి బండరాళ్ళ అవతలి దాకా తరిమారు. ఉడుము పోయాడు. పోయేముందు కడుపు నిండింది కాబట్టి పెద్దగా బాధపడలేదు.

ఇక మిగిలినవి రెండు.

బసవయ్యని గుడ్ల మీద కూర్చోబెట్టి మాణిక్యం నేరుగా మడుగు దగ్గరికి వెళ్ళింది.

"స్వామీ, మీ శాంతి నా గుడ్డుని ఉడుముకి వడ్డించింది."

"గుడ్డు నశించేది తల్లీ. నశించేదాని మీద మమకారం ఎందుకు?"

"మరి మీ చేప?"

"ఏ చేప?"

"నిన్న మాట మధ్యలో మింగిన చేప. అదీ నశించేదేగా. పక్కకి తప్పుకోలేకపోయారా?"

"అది ఆకలి. ఆకలి వేరు."

"బాగుంది! మీ ఆకలిని పట్టించుకోవాలి, నా గుడ్డుని పట్టించుకోకూడదా?"

కప్పలు నాలుగూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. తర్వాత మెల్లగా ఒక్కొక్కటే నీళ్ళలోకి జారుకున్నాయి. స్వామి పైకి ముడుచుకున్న రెండో కాలు కిందికి దించాడు. "నీకింకా అహం చావలేదు," అని ఎగిరిపోయాడు.

మాణిక్యం మడుగు గట్టు మీద కూర్చుని ముందు దండపాణిని తిట్టింది. తర్వాత స్వామిని తిట్టింది. ఇద్దర్నీ కడుపారా తిట్టాక ప్రాణం తేలికపడాలి. పడలేదు.

ఎగరమన్నది దండపాణి. ఎగిరింది ఎవరు? కళ్ళు మూసుకోమన్నది స్వామి. జరిగింది ఎవరు? అరవమంటే నెమలి దాకా వెళ్ళి చూడకుండా అరిచింది. మానమంటే ఎవరొచ్చారో చూడకుండా మానేసింది. ఒకసారి గొంతు ఒకడికి అప్పజెప్పింది. ఇంకోసారి కళ్ళు ఇంకొకడికి అప్పజెప్పింది. ఎండ మాత్రం తన గుడ్ల మీదే పడింది.

ఇది ఒప్పుకోవడం చేదుగా ఉంది. స్వామిని ఇంకో రెండు తిట్లు తిట్టి చూసింది. లాభం లేకపోయింది. ఇంటికి వెళ్ళింది.

"రెండూ నా వల్లే పోయాయి," అంది బసవయ్యతో.

"కాదులేవే" అంటాడేమోనని మాణిక్యం ఆశపడింది. అనలేదు.

"ఊఁ," అన్నాడు. "ఆ ఉడుము వచ్చిన వేళ నేను పొట్ట తడుపుకున్నాక కూడా మడుగు నీడలో నిలబడ్డా. చల్లగా ఉందని. అది నా వల్ల," అన్నాడు.

ఇద్దరూ రెండు గుడ్లకి అటూ ఇటూ నిలబడ్డారు.

"మధ్యాహ్నపు వంతు నేను తీసుకోనా?" అన్నాడు బసవయ్య.

"వద్దు. నాదే," అంది మాణిక్యం. ఈసారి ఆ మాట వినడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.

అయిదు రోజులు గడిచాయి. దండపాణి రోజూ వచ్చేవాడు. మాణిక్యం రోజూ ఒకటే అడిగేది. "నువ్వు చూశావా బాబాయ్?" దండపాణి చూసి ఉండేవాడు కాదు. తిట్టుకుంటూ పోయేవాడు. అయిదు రోజులు అడవి మాణిక్యం గొంతు వినలేదు.

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం కొమ్మలు విరిగేలా దూకుతూ వచ్చాడు. వెనకే వనజాక్షి.

"నిప్పు! తూరుపు కొండ దగ్గర అడవి అంటుకుంది! లే, కేకెయ్యి!" అన్నాడు.

వేసవి అడవిలో నిప్పంటే ఆటలు కాదు. బసవయ్య అక్కడే ఉన్నాడు. "ఒక్క నిమిషం గుడ్ల మీద నిలబడయ్యా," అని మాణిక్యం నిటారుగా పైకి లేచింది. చెట్ల తలల మీదికి వెళ్ళి తూరుపు వైపు చూసింది.

ఎర్రగా ఏదో లేచింది, నిజమే. పొగ కాదు. పొగ నల్లగానో తెల్లగానో సాగుతుంది. ఇది గిర్రున తిరుగుతోంది. గాలి అటు నుంచే వీస్తోంది, కమురు వాసన లేదు. నిప్పు పుడితే పురుగులు ఎగురుతాయి, పురుగులు ఎగిరితే వాటిని తినే ఏట్రింత పిట్టలు పెళ్ళి భోజనానికి వెళ్ళినట్టు వెళ్తాయి. ఒక్క ఏట్రింత కూడా అక్కడ లేదు. ఎర్రమట్టి దిబ్బ మీద సుడిగాలి లేచింది, అంతే.

దిగి వచ్చి మళ్ళీ గుడ్ల మీద కూర్చుంది.

"దుమ్ము బాబాయ్. సుడిగాలి."

"అందరూ నిప్పంటున్నారు!"

"అందరూ చూశారా?"

"అందరూ అంటున్నారని చెప్తుంటే మళ్ళీ చూశారా అంటావేంటి?"

"నేను చూశాను. దుమ్ము."

"అమ్మో, ఎంత పొగరు వదినా నీకు!" అంది వనజాక్షి. "అడవంతా ఒకటంటే నువ్వొక్కదానివి ఒకటా?"

దండపాణి తోక ఝాడించాడు. "ఆఖరిసారి అడుగుతున్నా. అరుస్తావా, లేదా? అరవకపోతే ఈ క్షణం నుంచి సంఘంలో నీ చోటు నెమలిది. నీ పేరు ఎత్తేవాడు కూడా ఉండడు."

రెండేళ్ళ పేరు. దుప్పులు, కుందేళ్ళు, "ఏం గొంతు" అన్న మాటలు. కేక గొంతు దాకా వచ్చింది. ఒక్క కేక వేస్తే చాలు, అందరూ మళ్ళీ తనవాళ్ళే.

మింగేసింది.

"నెమలికే ఇచ్చుకో బాబాయ్," అంది.

దండపాణి వెళ్ళాడు. నెమలి ఆ పదవి కోసం ఎప్పట్నుంచో గొంతు సవరించుకుంటోంది. చెట్టెక్కి "నిప్పు! నిప్పు!" అని ఎంత అరవగలదో అంత అరిచింది. అడవి లేచింది. ఎటు పోవాలో ఎవరికీ తెలియదు, అందరూ పోవడం మొదలుపెట్టారు.

మాణిక్యానికి ముందు చప్పుడు వినపడలేదు. పొట్ట కింది రాళ్ళు అదిరాయి. తల తిప్పి చూసింది. వాగు మలుపులో అడవి పందులు. ఇరవై ముప్పై. అడ్డం లేని దారి కదా అని ఎండిన వాగులో పడి వస్తున్నాయి. ముందు పెద్ద పంది గుండప్ప. కోరలు, బురద, కళ్ళ నిండా భయం.

"లేవవే! ఎగురు!" అన్నాడు బసవయ్య.

ఎగరొచ్చు. పందులకి రెక్కల్లేవు. గుడ్లకీ లేవు.

మాణిక్యం లేచింది. ఎగరలేదు. గుడ్లకి ముందు నిలబడి, రెక్కలు రెండూ బార చాచి, ఆరు రోజులుగా వాడని గొంతు మొత్తం విప్పి ఒక్క కేక వేసింది.

"ఆగు!"

గుండప్పకి ఏమీ అర్థం కాలేదు. కాళ్ళకి అర్థమైంది. నాలుగూ ఒకేసారి బిగుసుకున్నాయి. రాళ్ళు చిమ్ముకుంటూ జారుకుంటూ వచ్చి మాణిక్యానికి జానెడు దూరంలో ఆగాడు. వెనకవాళ్ళు ఒకరి వెనక ఒకరు గుద్దుకుని గుట్టలా పడ్డారు.

"అడ్డు లే! నిప్పు!" అన్నాడు గుండప్ప రొప్పుతూ.

"చూశావా గుండప్పా?"

"నెమలి అరిచింది!"

"నెమలి చూసిందా?"

"దండపాణి చెప్పాడు!"

"దండపాణికి ఎవరు చెప్పారు?"

గుండప్ప వెనక్కి తిరిగి, తన మందలో ఎవరైనా చెప్తారేమోనని చూశాడు.

"అడవిలో అందరికంటే పెద్ద ముక్కు నీది," అంది మాణిక్యం. "గడ్డలు తవ్వుకోవడానికేనా? వాసన చూడు."

గుండప్ప మూతి పైకెత్తాడు. అటు వాసన చూశాడు. ఇటు వాసన చూశాడు. మొహం అదోలా పెట్టాడు.

"పొగ వాసన లేదు," అన్నాడు. "మా వాళ్ళ కంపే ఉంది."

"నీకు తెలిసిన కంపేగా. ఇక పక్క నుంచి వెళ్ళండి. చూసి అడుగెయ్యండి, ఇవి రాళ్ళు కావు."

ముప్పై పందులు, పెళ్ళివారింట్లో ముగ్గు తొక్కకుండా నడిచే చుట్టాల్లా, ఒక్కొక్కటీ కాలెత్తి కాలెత్తి పక్క నుంచి వెళ్ళాయి. అవి వెళ్ళాక మాణిక్యం రెండు గుడ్లనీ ముక్కుతో తడిమి చూసింది. వాటి మీద కూర్చుంది. బసవయ్య మడుగుకి వెళ్ళి, నీడలో ఒక్క క్షణం కూడా ఆగకుండా, కారుతున్న ఈకలతో తిరిగి వచ్చాడు.

సాయంత్రానికి దుమ్ము సంగతి అందరికీ తెలిసింది. దండపాణి వచ్చాడు.

"నాకు ముందే అనుమానం అమ్మాయ్, దుమ్మేనని," అన్నాడు. "సరే, అయిందేదో అయింది. సంఘం నిన్ను మళ్ళీ తీసుకోవాలనుకుంటోంది. 'అరణ్య గళం' అని బిరుదు కూడా ఇద్దామనుకుంటున్నాం."

"నేను చూసింది అరుస్తా బాబాయ్. నా వంతు అయ్యాక వచ్చి అరుస్తా. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మాత్రం అప్పటికప్పుడే అరుస్తా. ఇలా కుదురుతుందా?"

"అదెలా కుదురుతుంది? సంఘానికి ఒక పద్ధతుంది."

"అయితే నెమలే బాగుంది."

దండపాణి మూతి ముడుచుకుని పోయాడు. మాణిక్యానికి తల పొగరని అడవిలో సగం మంది అనుకున్నారు. ఆ మాట తన చెవిన పడింది. నొప్పేసింది. మర్నాడు కూడా నొప్పేసింది. మూడో రోజు పెంకు మీద సన్నటి గీత కనపడింది. ఆ తర్వాత నొప్పి సంగతి పట్టించుకోవడానికి తీరలేదు.

పిల్లలు రెండూ పుట్టిన పూటే లేచి పరిగెత్తాయి. తీతువు పిల్లలంతే. తడి ఆరీ ఆరకముందే ఒకటి చీమ వెంటా, ఇంకొకటి ఎటూ కాకుండానూ పడింది. మాణిక్యం ఒకదాని వెనక, బసవయ్య ఇంకోదాని వెనక పరిగెత్తారు. ఇక వంతుల్లేవు. ఇద్దరికీ రోజంతా డ్యూటీయే.

వనజాక్షి వచ్చి రాయి మీద వాలింది. పిల్లల్ని చూసింది. చుట్టూ చూసింది.

"అదేంటి వదినా, రెండేనా? నాలుగు పెట్టావుగా!"

మునుపైతే మాణిక్యం ఎండని అనేది. ఉడుముని అనేది. స్వామిని అనేది. లేకపోతే మాట మార్చేది.

"రెండు నా వల్ల పోయాయి వనజా," అంది. "రెండు ఉన్నాయి."

తల దించలేదు. గొంతూ పెంచలేదు. అంతే చెప్పి, ముళ్ళకంపలో దూరబోతున్న పిల్లని ముక్కుతో వెనక్కి నెట్టింది.

వనజాక్షి దగ్గర పిన్ని కూతురి కబుర్లు ఇంకా బోలెడున్నాయి. వాటిని పక్కన పెట్టింది. "పిల్లలు బాగున్నారు వదినా," అని వెళ్ళిపోయింది.

నీతి: అరవమంటే అరిచేవాళ్ళూ, కళ్ళు మూసుకోమంటే మూసుకునేవాళ్ళూ ఇంకా పసివాళ్ళే, ఎన్ని గుడ్లు పెట్టినా సరే; మన కళ్ళతో చూసి, అవసరమైన చోట మన గొంతు విప్పి, మన తప్పు మనదేనని చెప్పగలిగిన రోజున పెద్దవాళ్ళమైనట్టు.